దాస్తే దాగని పండు

జ్యేష్ఠమాసంలో బడ్జ్ బడ్జ్‌లో ఎవరింట పనసపండు మగ్గిందో ఇరుగుపొరుగుకు చెప్పనక్కర్లేదు. గోనెపట్టా కప్పినా, మంచం కిందకు తోసినా లాభం లేదు. ఆ ఘాటుకు ముక్కు మూసుకునేవారు కొందరైతే, దాన్నే పిలుపుగా భావించి వచ్చి కూర్చునేవారు మరికొందరు. హుగ్లీ ఒడ్డున, కోల్‌కతాను ఆనుకుని ఉన్న ఈ జూట్ మిల్లుల పట్టణంలో ఆ పిలుపు అందుకునేవారిలో తెలుగువారూ ఉన్నారు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలమంది హుగ్లీ తీరంలోని మిల్లులకు వలస వచ్చారు. ఆ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడంతో బెంగాల్‌లో వారికి 'మద్రాసీలు' అన్న పేరు స్థిరపడింది. కొత్త భాష, కొత్త పని నేర్చుకోవలసి వచ్చింది కానీ పనస మాత్రం పాత చుట్టమే. హౌరా-మద్రాసు రైలు మార్గం వెంట ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి సరసనే పనస పెరుగుతుంది.

కాయగా ఉన్నప్పుడే రెండు వంటిళ్లూ దాన్ని నెత్తికెత్తుకుంటాయి. గోదావరి జిల్లాల పెళ్లి భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర లేకపోతే వియ్యాలవారు చిన్నబుచ్చుకుంటారు. బెంగాలీలకు లేత పనస 'ఎంచోడ్'. మసాలా దట్టించి వండితే మాంసాన్ని తలపిస్తుంది కనుక దాని ముద్దుపేరు 'గాఛ్ పాంఠా', అంటే చెట్టుకు కాసిన మేకపోతు. పండితే అదే 'కాంఠాల్'. జ్యేష్ఠ శుద్ధ షష్ఠినాడు అత్తవారింట అల్లుడికి జరిగే 'జమాయ్ షష్ఠి' మర్యాదలకూ మామిడి, లిచీ, పనసల కాలమే నేపథ్యం.

అయితే పండు తినడం అంత తేలిక కాదు. కత్తికీ చేతులకూ నూనె రాసుకోకపోతే బంక వదలదు. ముళ్ల తోలు చీల్చి, పీచు తప్పించి, తొన ఒలిచి, పిక్క తీయాలి. పిక్కలు పారేసేవి కావు, కాల్చుకోవచ్చు, కూరలో వేసుకోవచ్చు. ఇంతా చేసి 10 కిలోల పండు కోస్తే నలుగురున్న ఇంట్లో మిగిలిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పాలకూ పనస వాసనే. మామిడిపండును తలుపేసుకుని ఒక్కరే తినొచ్చు. పనసపండు కోసినవాడు పంచక తప్పదు.

ఇప్పుడు చిక్కొచ్చిపడింది ఆ పంపకానికే. కేరళ 2018లో పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చింది. పనస మళ్లీ నాటి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఇటు మిల్లుల బతుకు లాకౌట్ల మధ్య సాగుతోంది. కూలి లైన్లలో ఒక పండు చుట్టూ చేరే కుటుంబాలు పలచబడితే అంత పెద్ద పండు కొనే ధైర్యం ఎవరికుంటుంది?

నగరాల్లో ఒలిచిన తొనలు ప్లాస్టిక్ పెట్టెల్లో దొరుకుతున్నాయి. చేతికి బంక అంటదు, ఇల్లు వాసన వేయదు. పక్కింటివారిని పిలవాల్సిన అవసరమూ రాదు. రుచి అదే కావచ్చు. కానీ వాసన పట్టుకుని గుమ్మంలోకి వచ్చే మనిషి లేనప్పుడు పనసకాలం వచ్చిందని చెప్పేదెవరు?