వాల్యూమ్ వార్నింగ్‌ని తిట్టుకునే ముందు ఒక్కసారి *#07# కొట్టి చూడండి

బస్సులో ఉన్నాం, ఇష్టమైన పాట వచ్చింది, వాల్యూమ్ పెంచాం. ఓ లెవెల్ దాటగానే స్క్రీన్ మీద బాక్స్ ప్రత్యక్షం: ఎక్కువ సౌండ్‌తో ఎక్కువసేపు వింటే వినికిడి దెబ్బతింటుంది, అయినా పెంచాలా? చదవకుండానే ఓకే కొట్టేస్తాం. దీన్ని పర్మినెంట్‌గా తీసేయడం ఎలా అని నన్ను అడగని వారం లేదు. అడిగేవాళ్ల వాదన కూడా సూటిగానే ఉంటుంది: ఫోన్ నాది, డబ్బులు నావి, చెవులు నావి. మధ్యలో గవర్నమెంట్‌కేం పని?

ముందు ఆ బాక్స్ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ఫ్రాన్స్ 1990ల్లోనే జేబులో పెట్టుకునే మ్యూజిక్ ప్లేయర్లకు 100 డెసిబెల్స్ లిమిట్ పెట్టింది. 2002లో ఐపాడ్ ఆ లిమిట్ దాటుతోందని అక్కడ అమ్మకాలు ఆగిపోయాయి. ఆపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సౌండ్ తగ్గించాల్సి వచ్చింది. తర్వాత 2008లో యూరోపియన్ యూనియన్ సైంటిఫిక్ కమిటీ ఓ రిపోర్ట్ ఇచ్చింది. రోజుకు గంటకు పైగా, హై వాల్యూమ్‌లో, కనీసం ఐదేళ్లు వినేవాళ్లకు శాశ్వత వినికిడి లోపం వచ్చే ప్రమాదం ఉందని, ప్లేయర్లు వాడేవాళ్లలో 5 నుంచి 10 శాతం మంది ఈ కోవలోకి వస్తారని చెప్పింది. ఆ పరిణామాల ఫలితమే 2013 నుంచి ఐరోపాలో అమలైన స్టాండర్డ్. డిఫాల్ట్‌గా 85 డెసిబెల్స్, మీరు ఓకే అంటే 100 వరకు. 20 గంటలు విన్నాక మళ్లీ అడగాలి. "నిన్నగాక మొన్నే ఓకే కొట్టా కదా" అని చిరాకు పడతాం కానీ, అది బగ్ కాదు, రూలే అంత.

ఇక్కడ గమనించాల్సింది, రూల్ మనల్ని ఆపలేదు. అడిగి వదిలేసింది. నాకు నచ్చింది అదే.

పెద్దవాళ్లకు 85 దగ్గరే తాళం వేసేస్తానంటే నేనూ ఒప్పుకోను. మెల్లగా రికార్డ్ చేసిన లెక్చర్లుంటాయి, వినికిడి కొంచెం తక్కువున్న వాళ్లుంటారు. పైగా ఫోన్ పొరబడుతుంది కూడా. కారు బ్లూటూత్‌ని ఇయర్‌ఫోన్ అనుకుని సౌండ్ తగ్గించేసిన సందర్భాలు నాకే చాలా ఉన్నాయి. (కొన్ని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ డివైస్ కారా, స్పీకరా, హెడ్‌ఫోనా అని సెట్ చేయొచ్చు. చేసేయండి, సగం గొడవ తీరుతుంది.) రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దన్నా, 2024లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు బంద్ చేసినా అది పక్కవాళ్ల చెవుల సంగతి. ఇయర్‌ఫోన్ అలా కాదు. నష్టపోతే నేనే.

మరి నష్టం ఎంతో నాకు తెలుసా? అసలు చిక్కు ఇక్కడుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి పెట్టిన లెక్కలో పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి టైం సగమైపోతుంది. 90 దగ్గర సుమారు 4 గంటలు. 100 దగ్గర ఇరవై నిమిషాలే, అదీ వారం మొత్తానికి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగేసరికి వారం కోటా దాదాపు ఖతం. లోపల చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. పోతున్నప్పుడు నొప్పి కూడా ఉండదు.

కానీ వాల్యూమ్ స్లైడర్ మీద మనకు కనిపించేవి గీతలే, డెసిబెల్స్ కాదు. పైగా అదే లెవెల్ ఒక బడ్స్‌లో ఓ మోస్తరుగా, ఇంకో దాంట్లో చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. నెంబరే తెలియకుండా "నా ఛాయిస్" అంటే ఎలా?

ఇప్పుడు *#07# కొట్టండి. సార్ వాల్యూ వస్తుంది. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో దానికి కిలోకు 1.6 వాట్ల లిమిట్ ఉంది. ఫోన్ రేడియో తరంగాల వల్ల ఆరోగ్యం దెబ్బతింటుందని ఇప్పటిదాకా గట్టి ఆధారం లేదు, అయినా ముందుజాగ్రత్తగా నెంబర్ చూపిస్తున్నారు. మంచిదే. మరి పక్కాగా హాని చేస్తుందని తేలిన సౌండ్‌కి నెంబరేది? నేను రివ్యూ చేసిన బడ్స్ బాక్సుల మీద 13 ఎంఎం డ్రైవర్, 40 గంటల ప్లేబ్యాక్ అని పెద్దక్షరాల్లో ఉంటాయి. మాక్సిమం ఎన్ని డెసిబెల్స్ అన్నది మాత్రం చూసిన గుర్తు లేదు. ఏసీల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి చేశాక త్రీ స్టార్ కొనొద్దని ఎవరైనా మనల్ని ఆపారా? తెలిసి కొంటున్నాం, అంతే. బడ్స్‌కీ అలాంటి లేబుల్ అడగడం ఫ్రీడమ్‌కి అడ్డం కాదు.

పిల్లల విషయంలో మాత్రం నేను లేబుల్‌తో సరిపెట్టుకోను. వాళ్లకు సిఫార్సు చేసిన లెవెల్ 75 డెసిబెల్స్. ఎనిమిదేళ్ల పిల్లాడు పాపప్ చదివి ఆలోచించి ఓకే కొడతాడా? పిల్లల కోసమని అమ్మే హెడ్‌ఫోన్లకు హార్డ్ లిమిట్ ఉండాలి, చట్టంతోనే ఉండాలి. అప్పటిదాకా ఇంట్లో ఐఫోన్ ఉంటే సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీలోకి వెళ్లి, పెద్ద సౌండ్లు తగ్గించే ఆప్షన్ ఆన్ చేయండి. స్లైడర్‌ని 75కి తెచ్చి, స్క్రీన్ టైమ్‌లో లాక్ చేసేయొచ్చు.

ఇందులో మా తప్పూ ఉంది. "సౌండ్ ఓ రేంజ్‌లో ఉంది, ఫుల్ పెడితే దద్దరిల్లిపోతుంది" అని ప్లస్ పాయింట్‌గా నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వచ్చే బడ్స్ రివ్యూ నుంచి లౌడ్‌నెస్‌కి మార్కులు తీసేస్తున్నా. దాని బదులు, బస్సులో వాల్యూమ్ పెంచకుండా పాట వినబడేంతగా నాయిస్ క్యాన్సిలేషన్ పనిచేస్తుందా లేదా అన్నది రాస్తా.