నలభై ఏళ్ల దోస్తానాకి ఒక తజ్కిరా

నలుగురు కుర్రాళ్లు కలిసి బ్యాండు పెట్టడం కష్టం కాదు. పేరొచ్చాక, పైసలొచ్చాక, ఒకరి మొహం ఒకరు చూడలేని రోజులొచ్చాక కూడా కలిసి ఉండటమే కష్టం. అందుకే రాక్ బ్యాండ్ల మీద వచ్చే డాక్యుమెంటరీలన్నీ దాదాపు ఒకే కిస్సా: గరీబీ, షోహరత్, నషా, ఝగడా, తలాక్. చివర్లో ముసలితనంలో ఒక సులహ్. 2010లో సామ్ డన్, స్కాట్ మెక్‌ఫేడియన్ తీసిన 'రష్: బియాండ్ ద లైటెడ్ స్టేజ్' ఈ దారిన పోదు. ఎందుకంటే కెనడాకు చెందిన ఈ 'రష్' బ్యాండులో ఝగడా చెప్పుకోదగ్గంత లేదు. మరి గొడవే లేని కథని గంటన్నరకు పైగా ఎందుకు చూడాలి? చూడాలి అనే నా జవాబు. ఒక షికాయత్ కూడా ఉంది, అదీ చెప్తాను.

ముందు ఈ ప్రోగ్రెసివ్ రాక్ ఏమిటో రెండు మాటలు. మూడు నిమిషాల్లో ముగిసే పాట కాదిది. ఒక్కోటి ఇరవై నిమిషాలు సాగుతుంది. నాలుగు మాత్రల నడకలో పోతున్న పాట ఉన్నట్టుండి ఏడు మాత్రల్లోకి దూకుతుంది. వినేవాడికి సబర్ కావాలి, వాయించేవాడికి రియాజ్ కావాలి. పత్రికల్లో విమర్శకులు వీళ్లని ఏళ్ల తరబడి నవ్వులాటగా తీసిపారేశారు. గెడ్డీ లీ సన్నటి గొంతు మీద ఎన్ని తమాషాలు చేశారో లెక్కలేదు.

ఈ గెడ్డీ లీ అసలు పేరు గ్యారీ. అమ్మానాన్నలు పోలండ్ యూదులు, నాజీల ఆష్‌విట్జ్ క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. అమ్మ తన యాసలో 'గ్యారీ' అని పిలిస్తే దోస్తులకి 'గెడ్డీ' అని వినబడింది. అదే పేరైపోయింది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు, యాస మీద పడే నవ్వులు బాగా తెలుసు. ఆ నవ్వునే ఇజ్జతుగా మార్చుకుని స్టేజీ ఎక్కినవాడి మీద నాకు మొహబ్బత్ కలగకుండా ఎలా ఉంటుంది? గిటార్ వాయించే అలెక్స్ లైఫ్‌సన్‌ది సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబం. చదువు మానేసి సంగీతంలోకి పోతానని అతను పడుచుతనంలో అమ్మానాన్నలతో వాదించిన పాత ఫుటేజీ ఈ సినిమాలో ఉంది. కన్నవాళ్ల ఫికర్, కొడుకు జిద్దు, రెండూ నిజమే అనిపిస్తాయి. మన ఇళ్లల్లో ఈ బహస్ జరగని ఇల్లు ఏదీ?

1975లో వచ్చిన మూడో ఆల్బమ్ బోల్తా కొట్టింది. పాటలు చిన్నవి చేయండి, రేడియోకి పనికొచ్చేవి చేయండి అని రికార్డు కంపెనీ ఒత్తిడి పెట్టింది. వీళ్లేం చేశారు? 1976లో '2112' అనే ఆల్బమ్ చేసి, మొదటి వైపంతా ఇరవై నిమిషాల ఒకే పాటతో నింపారు. మునిగితే మన పాటతోనే మునుగుదాం అన్న ఫైసలా అది. జనం ఆ ఆల్బమ్‌నే ఎత్తుకున్నారు. జర్నలిస్టుగా నాకు ఇక్కడ గుచ్చుకునేది వేరే సంగతి. మా ఖౌమ్, అంటే రాసేవాళ్ల ఖౌమ్, ఈ ముగ్గురి విషయంలో వినేవాళ్ల కంటే చాలా వెనకబడింది. రోలింగ్ స్టోన్ పత్రిక వీళ్లని ముఖచిత్రం మీదికి ఎక్కించింది 2015లో, మొదటి ఆల్బమ్ వచ్చిన నలభై ఒక్క ఏళ్లకి. ఇజ్జత్ ఇచ్చేది మేమే అనుకునే కలాలకి ఇది మంచి సబక్.

డ్రమ్స్ వాయించే నీల్ పీర్ట్ పాటలు కూడా రాసేవాడు. ప్రపంచంలో గొప్ప డ్రమ్మర్లలో ఒకడని పేరొచ్చాక, నలభై దాటాక, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే ఉస్తాద్ దగ్గరికి షాగిర్ద్‌గా వెళ్లి, చేతికర్రలు పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. ఉస్తాద్ అనిపించుకున్నాక షాగిర్ద్ కావడం ఎంతమందికి చేతనవుతుంది?

1997 ఆగస్టులో అతని కూతురు కారు ప్రమాదంలో పోయింది. పది నెలలకి భార్య క్యాన్సర్‌తో పోయింది. ఇక నేను రిటైరైనట్టే అనుకోండి అని దోస్తులకి చెప్పి, మోటార్ సైకిలెక్కి ఉత్తర అమెరికా దారుల వెంట తిరిగాడు. తిరిగింది ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. దోస్తులిద్దరూ వేరే డ్రమ్మర్ని వెతకలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు. అతనే వచ్చాడు, 2002లో కొత్త ఆల్బమ్ వచ్చింది. సినిమాకి ఇదే గుండె. గమ్‌లో ఉన్న మనిషికి సలహాలు కుమ్మరించే జమానా ఇది. ఖాళీ కుర్చీని ఖాళీగానే ఉంచి ఇంతెజార్ చేయడం కూడా ఖిద్మతే అని ఈ సినిమా చెప్తుంది.

ఇక నా షికాయత్. వీళ్లకి పీర్ట్ కంటే ముందు జాన్ రట్సీ అనే డ్రమ్మర్ ఉన్నాడు. 1968లో టొరంటో శివార్లలో బ్యాండు మొదలైనప్పటి మనిషి. మొదటి ఆల్బమ్‌లో మోగింది అతని డ్రమ్ములే. క్లీవ్‌లాండ్ ఫ్యాక్టరీ కార్మికులు రేడియోలో విని రష్‌ని గుండెకి హత్తుకున్నది ఆ ఆల్బమ్‌తోనే. అతనికి షుగర్ జబ్బు. 1974 జులైలో వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకి పీర్ట్ వచ్చాడు, ఆగస్టు 14న పిట్స్‌బర్గ్‌లో వేల మంది ముందు కొత్త జట్టు వాయించింది. రట్సీ 2008లో చనిపోయాడు. ఇరవై, ఇరవై ఒకటేళ్ల పేరులేని కుర్రాళ్లకి అప్పుడు ఆగే తాహత్ లేదు, అది నాకు తెలుసు. వాళ్లని తప్పుపట్టను. కానీ తజ్కిరా రాసేవాడికి ఆ తొందర లేదు కదా. ఒక ఇంతెజార్‌ని అంత ప్రేమగా చూపిన కెమెరా, ఇంతెజార్ దక్కని మనిషి దగ్గర ఇంకాస్త ఆగాల్సింది. తారీఖ్ అంటే మిగిలినవాళ్ల నవ్వులే కాదు, దారిలో దిగిపోయినవాళ్ల పేర్లు కూడా.

అయినా చూడండి దోస్తులారా. చివర్లో ముగ్గురూ భోజనం బల్ల చుట్టూ కూర్చుని స్కూలు పిల్లల్లా నవ్వుకుంటారు. సినిమా వచ్చిన ఆరేళ్లకి పీర్ట్ మెదడులో క్యాన్సర్ బయటపడింది. మూడున్నరేళ్లు ఆ సంగతి లోకానికి పొక్కనివ్వకుండా దోస్తులు అమానత్‌లా దాచారు. 2020 జనవరిలో అతను పోయాకే తెలిసింది. కెమెరాలు లేనిచోట కూడా ఆ దోస్తానా అలాగే ఉందన్నమాట.