వారమునకు రెండు గంటలు

కాకినాడ పురజనులకు, విశేషించి గాంధీనగరము, రామారావుపేట, జగన్నాథపురము వాసులకు విజ్ఞప్తి.

మతిమరపు వ్యాధి పాలైన వృద్ధులున్న ఇండ్లకు వారమున కొకమారు పోయి, రెండు గంటలసేపు వారి చెంత కూర్చుండి, వారి ఆలనాపాలనా చూచు కోడలికో కుమార్తెకో బయటికి పోయి వచ్చు వెసులుబాటు కల్పించుటకై మేము కొందరము పూనుకొన్న పని, మనుష్యులు చాలక నేడు నిలిచిపోవు స్థితికి వచ్చినది. సాయము కోరిన ఇండ్లు 19; పోగలవారము నలుగురము. ఏ దినమున ఏ ఇంటి కెవరు పోవలెనో పట్టిక వ్రాయు బాధ్యత నాయందున్నది గనుక, "ఈ వారం ఎవరూ రాలేరమ్మా" అని చెప్పవలసినవాడను నేనే యగుచున్నాను. ఆ మాట చెప్పుట ఇక నావల్ల గాదు.

ఒక ఇంటి సంగతి వినుడు. తల్లికి ఎనుబదేండ్లు దాటినవి. కుమార్తె ప్రైవేటు పాఠశాలలోని ఉద్యోగము విడిచి ఆమెను కనిపెట్టుకొని యున్నది. ప్రొద్దు వాలునప్పటికి తల్లికి కలవరము హెచ్చును. చేతిసంచిలో రెండు చీరలు కుక్కుకొని, "మా అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, నన్ను ఇంటికి పంపించు అక్కయ్యా" అని కన్నకూతురినే బతిమాలుచు తలుపు గొళ్లెము లాగును. అర్ధరాత్రి లేచి బియ్యపు డబ్బాలో నీళ్లు పోయును. తినిపించిన పావుగంటకే, "రెండు రోజులైంది, నాకు అన్నం పెట్టలేదు" అని ప్రక్కింటివారితో మొరపెట్టుకొనును. ఆ మాట నమ్మి కూతురిని ముఖముమీదనే నిందించి పోయిన బంధువులును కలరు. ఈ కూతురికి చక్కెరవ్యాధి. కన్నులు పరీక్ష చేయించుకొనుమని వైద్యుడు చెప్పి నెలలు గడచినవి. నాకు ఫోను చేసి ఆమె కోరినదంతయు ఇది: "రెండు గంటలు ఎవరైనా అమ్మ దగ్గర కూర్చుంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తానండీ." రెండు గంటలు! మూడు లక్షలకు పైబడిన జనమున్న ఈ నగరములో ఆ రెండు గంటలు ఇచ్చువారు నాకు దొరకలేదు.

మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది, అనగా నూటికి ఏడుగురికి పైగా, ఈ మతిమరపు వ్యాధి (డిమెన్షియా)తో జీవించుచున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనము లెక్కగట్టినది. పురుషులలో కంటె స్త్రీలలోను, పట్టణములలో కంటె పల్లెలలోను ఇది అధికమనియు తెలిపినది. రెండు భాషలు మాటాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నరేండ్లు ఆలస్యముగ పొడసూపుచున్నదని, హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటింపగా లోకమంతయు ఆసక్తితో చదివినది. కేరళములో 1992లోనే దీనికై ఒక సంఘము వెలసి, దేశమంతట శాఖలు పెట్టినది. మనము మాత్రము నేటికిని "ముసలితనం, చాదస్తం" అని కొట్టివేసి, వైద్యునికైనను చూపక కాలము వెళ్లబుచ్చుచున్నాము. థైరాయిడు లోపమువలనను, బి12 లోపమువలనను, దిగులువలనను వచ్చిన మరపు సకాలమున చికిత్స చేసిన నెమ్మదించునే! ఆ మాత్రము తెలిసికొను ఓపికయైనను మనకు లేకపోయెనా?

ఈ వ్యాధిపై అవగాహన దినమని ఏటేట సెప్టెంబరు 21వ తేదీన బ్యానరు పట్టుకొని నిలువబడుటకు ఈ ఊరిలో ఎన్నడును జనము కొదువ కాలేదు. మరునాడు పిలిచినచో పలుకువారు లేరు. పరామర్శకు పోవువారైనను పండ్లు బల్లమీద పెట్టి, ఆ పెద్దామె కెదురుగ కూర్చుండి, "నన్ను గుర్తుపట్టారా? నేనెవరో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టుదురు, ఆమె చెప్పలేక బిక్కమొగము వేసిన, "అయ్యో పాపం" అని ఆమె వినుచుండగనే యందురు. అయ్యా, అమ్మా, దయచేసి ఇది మానుడు. గడపలో అడుగు పెట్టుచునే మీ పేరు మీరే చెప్పుడు. ఇక కొన్ని ఇండ్లకు అమెరికాలోని కుమారులు డబ్బు పంపుచున్నారు; అదియు అవసరమే, డయాపర్లకును మందులకును కావలసినదే. కాని రాత్రి మూడు గంటలకు తలుపు కడ్డముగ నిలువవలసినది ఇంటనున్న ఆడకూతురు.

రాదలచినవారికి వైద్యము తెలిసి యుండనక్కర లేదు. స్నానము, మందులు మీ పని కాదు. అవి ఇంటివారే చూచుకొందురు. మీరు ఆ వృద్ధులతో కూర్చుండి, వారు చెప్పినదే పదిసార్లు చెప్పినను మొదటిసారి విన్నట్లు వినవలెను. ఎన్నడో పోయిన తల్లినిగూర్చి ఆ పెద్దామె అడిగినప్పుడు, "మీ అమ్మ చనిపోయి నలభై ఏళ్లైంది" అని సరిదిద్దరాదు. సరిదిద్దిన ప్రతిసారియు ఆ మరణవార్త ఆమెకు క్రొత్తదియే. "మీ అమ్మగారు ఏం కూరలు బాగా చేసేవారు?" అని అడుగుడు, ముచ్చట సాగిపోవును. ఆ వృద్ధులలో కొందరు చిక్కుడుకాయలు ఒలిచి పెట్టుదురు, కొందరు ఉతికిన తువ్వాళ్లు మడత పెట్టుదురు. వంకరగ మడిచిన మడవనిండు. మొదటి రెండు పర్యాయములు మాలో ఒకరము మీ వెంట వచ్చెదము.

2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టము బిడ్డల విధి యేమో చెప్పినది. ఆ విధిని నిర్వర్తించుచు క్రుంగిపోవుచున్న బిడ్డకు ఒక పూట విశ్రాంతి ఇచ్చుట ఇరుగుపొరుగులమైన మన వంతు. ప్రభుత్వము చేయువరకు ఆగుదమనువారు ఆ ఇండ్లలో ఒక సాయంకాలము గడిపి వచ్చి ఆ మాట అనవలెను. వృద్ధుల సంగతులలో సలహాకై 14567 అను ఉచిత ఫోను కలదు, దాని నుపయోగించుకొనుడు. కాని ఫోను వచ్చి మంచము ప్రక్కన కూర్చుండదు గదా!

19 ఇండ్లు, నలుగురము. ఇంకను పదిహేనుగురు ముందుకు వచ్చిన ఇంటి కొక్కరు చొప్పున సరిపోదురు. ఉద్యోగ విరమణ చేసినవారు, సాయంకాలము తీరిక గల గృహిణులు, పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థులు ఎవరైనను రావచ్చును. మీ పేరు, పేట, వీలగు దినము, వేళ, మిమ్ము నెరిగిన ఇద్దరి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి ఈ పత్రిక కార్యాలయమునకు పంపుడు. బుధ, శుక్రవారముల సాయంకాలములకు ఒక్కరైనను లేరు. ఆ వేళలకు వీలగువారు ముందుగ వ్రాయుడు. శనివారములోగా అందిన పేర్లను చేర్చి ఆదివారము పట్టిక వ్రాసెదను, సోమవారమునుండియే పని మొదలగును.