ఆరిన మంట ఎక్కడికి పోతుంది?

విద్యా హక్కు చట్టం, 2009లోని సెక్షన్ 29 మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, తామే కనుక్కుంటూ నేర్చుకోవాలని అది చెబుతుంది. జీఎస్-2 నోట్సులో దాని కింద నేను ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. మా అక్క కొడుకు దగ్గర మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకంగా నడుచుకున్నాను.

వాడికి ఆరేళ్లు. ఫైరింజన్ అంటే పిచ్చి. సైరన్ వినిపిస్తే నోట్లో ముద్ద ఉండగానే గేటు దగ్గరికి పరిగెత్తుతాడు. సంక్రాంతికి ఇంటికి వెళ్లి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, చుట్టాల ముందు నిలబెట్టి "ఫైర్ నంబరు ఎంత? ఫైర్ సర్వీస్ డే ఎప్పుడు?" అని అడగడం. 101, ఏప్రిల్ 14. అందరూ చప్పట్లు. పెద్దయ్యాక ఫైరింజన్ మీద వెళ్తానంటే నవ్వి, "మావయ్యలా కలెక్టరు చదువు చదవాలి" అన్నారు. (మావయ్యకు రెండు ప్రిలిమ్స్ పోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు.) మూడో రోజుకల్లా వాడు నా గది వైపు రావడం మానేశాడు.

పిల్లల ఇష్టాన్ని జీకే బిట్టుగానో కెరీర్‌గానో మార్చేస్తే అది అక్కడే ఆగిపోతుందని నా అభిప్రాయం. ఇంట్లో "బాగా చదువుకున్నవాళ్లం" మనమే కాబట్టి, ఈ పని ఎక్కువగా చేసేదీ మనమే.

ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు వాణ్ని దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఈసారి నేను నోరు విప్పకూడదని నియమం పెట్టుకున్నాను. అక్కడి ఆయన ఓపికగా పైపు పట్టుకోనిచ్చాడు. దారిలో ఏప్రిల్ 14 కథ చెప్పాను. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ నింపుకొచ్చిన ఓడకు నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లినవాళ్లు 66 మంది తిరిగి రాలేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. సంక్రాంతికి అదే తేదీని నేను చప్పట్ల కోసం వాడుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగాడు: "మావయ్యా, ఆరిన మంట ఎక్కడికి పోతుంది?"

నేను మెకానికల్ ఇంజనీరును. నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తాయని తెలుసు. మండుతున్న నూనెలో నీళ్లెందుకు పోయకూడదో ఆ అంకెతోనే అర్థమవుతుందని మాత్రం నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్కసారీ తోచలేదు. ఇక వాడి ప్రశ్నకేం చెప్తాను? (ఎథిక్స్ చదివేవాళ్లకు ఒక మాట: ఆరిన మంట ఏ దిక్కుకు పోయిందని బుద్ధుడు వచ్ఛగోత్రుణ్ని అడిగే ఘట్టం మజ్ఝిమ నికాయంలో ఉంది.)

కొవ్వొత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లించాం. పిల్లలతో ఇది చేస్తే పక్కనే ఉండండి. నెమ్మదిగా ఆరింది. మంట వస్తువు కాదురా, జరుగుతున్న పని, అన్నాను. "ఫ్యాను ఆపేస్తే గాలి ఎక్కడికీ పోదు కదా, అలాగా?" అన్నాడు. నేను వెతుక్కున్నా అంత మంచి ఉపమానం దొరికేది కాదు.

జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు బ్యాగు లేని బడి ఉంది. మంచిదే. కానీ ప్రశ్న ఆరేళ్లకే వస్తోంది, ఆరో తరగతి దాకా అది ఆగదు. దీనికి ఖర్చు కూడా లేదు, ఒక కొవ్వొత్తి, ఒక గ్లాసు, తొందరపడి జవాబు చెప్పని ఒక పెద్దమనిషి చాలు. మూడోదే దొరకడం కష్టం.

అగ్నిమాపక సేవలు పన్నెండో షెడ్యూల్లోని 18 అంశాల్లో ఒకటని మనకు తెలుసు. మావాడు దాన్ని మరో దారిలో చేరుకున్నాడు. బండి వెడల్పు ఎంతని స్టేషన్‌లో అడిగాడట, ఎనిమిదడుగులకు పైనే అన్నారట. మర్నాడు టేపు పట్టుకొచ్చి, "మన సందులోకి పడుతుందా?" అన్నాడు. ఇద్దరం కొలిచాం. అడ్డంగా పెట్టిన రెండు బైకులు తీస్తే పడుతుంది. అందులో ఒకటి నాది.