రాబందు తిట్టెట్లయింది?



తెలుగు పత్రికలలోను, కవితలలోను, మన బ్లాగులలోను ఒక మాట విచ్చలవిడిగా కనబడుతున్నది. పరుల భూమిని ఆక్రమించినవాడు “భూరాబందు”. పేదవాని ముక్కుపిండి వడ్డీ గుంజేవాడు “వడ్డీ రాబందు”. శవాన్ని అప్పగించడానికి లంచమడిగినవాని సంగతి చెప్పనే అక్కరలేదు. వ్రాసినవారు ఎంత సులువుగా వ్రాస్తున్నారో, చదివినవారు అంత సులువుగా తలలూపుతున్నారు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ముప్పది ఏండ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న నాకు ఈ ప్రయోగంపై రెండు అభ్యంతరాలున్నవి. మొదటిది అలంకారశాస్త్రానికి సంబంధించినది. రెండవది ప్రాణాలకు సంబంధించినది.

ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము అని ఉపమకు నాలుగు అంగాలు. పోలిక చెప్పదలచినవాడు ఏది దాచినా దాచవచ్చును గాని, సమానధర్మమే లేకుంటే అది పోలిక కాదు, ప్రేలాపన. భూకబ్జాదారునికి, రాబందుకు సమానధర్మమేది? వాడు బ్రతికివున్నవాని సొత్తు లాక్కుంటాడు. రాబందు వేటాడి చంపేది కాదు, చచ్చిన పశువును తినేది. వాడు తిన్నది ఊరికి నష్టం, ఇది తిన్నది ఊరికి లాభం. వాని వల్ల ఊరు కుళ్ళుతుంది, దీని వల్ల ఊరి కుళ్ళు పోతుంది. నా విద్యార్థి ఎవడైనా పరీక్షలో ఇటువంటి ఉపమ వ్రాసివుంటే నేను మార్కులు వేసేవాడను కాను.

“అయ్యా, గ్రద్ద శబ్దానికి మూలమైన ‘గృధ్ర’లోనే అత్యాశ ఉన్నది గదా, ధాతువే ఆశపడుట గదా” అని సంస్కృతం తెలిసినవారు అడుగుతారు. నిజమే. అయితే ఆ సంస్కృతంలోనే ఆదికవి ఏమి చేశాడో కూడా చూడవలెను. సీతను రావణుడు ఎత్తుకొనిపోవునప్పుడు అడ్డుపడి ప్రాణమిచ్చినది ముసలి గృధ్రరాజు జటాయువు. ఆయనకు రాముడు తండ్రికి చేసినట్లు దహనసంస్కారం చేశాడు. తరువాత సీత జాడ వానరులకు చెప్పినదీ ఆయన అన్న సంపాతియే. జటాయువు లేపాక్షిలో పడ్డాడని మన రాయలసీమ జనం నేటికీ చెప్పుకుంటారు. వ్యుత్పత్తి ఒక పక్కన, వాల్మీకి ఒక పక్కన నిలిస్తే నేను వాల్మీకి పక్కనే నిలుస్తాను.

ఇక రెండవ అభ్యంతరం. నా బాల్యంలో ఊరి వెలుపల పశువు కళేబరం పడితే రాబందులు గుంపుగా దిగి తేల్చివేసేవి. నా చివరి తరగతి విద్యార్థులలో రాబందును కన్నులారా చూచినవాడు ఒక్కడూ లేడు. తెల్లవీపు రాబందులు మన దేశంలో 1992లో వెయ్యి ఉంటే, 2007 నాటికి ఒక్కటి మిగిలింది. కారణమేదో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలివుంటే, దానిని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోతుంది. 2006లో ఆ మందును పశువులకు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. మనుషుల మందు పెద్ద సీసాలు పశువులకు దారి మళ్ళుతున్నవని గమనించి 2015లో ఆ సీసాలకూ కళ్ళెం వేసింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను సైతం పశువైద్యం నుండి తొలగించింది. కాని రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టే జాతి. పదిహేనేండ్లలో పోయినది పదిహేనేండ్లలో తిరిగిరాదు.

పోతే మనకేమి అంటారా? రాబందు తినని కళేబరాన్ని కుక్కలు తిన్నవి, కుళ్ళు నీళ్ళలో కలిసింది, పిచ్చికుక్క కాటు భయం పెరిగింది. రాబందులు అధికంగా ఉండి అంతరించిన జిల్లాలలో 2000 నుండి 2005 వరకు సుమారు 5 లక్షల మంది మనుషులు అదనంగా మరణించారని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కకట్టి 2024లో ప్రకటించారు. ఇప్పుడు చెప్పండి, పీక్కుతినేది ఎవరు? చచ్చేదాకా మనలను కాచినదాని పేరుతో మనం దొంగలను పిలుస్తున్నాము.

“మాట వల్ల పక్షి చస్తుందా?” అని కొందరు నవ్వవచ్చును. మాట చట్టమైన తరువాత చస్తుంది. ఇంగ్లండులో 1566 నాటి చట్టం గ్రద్దను హానికర జీవుల జాబితాలో చేర్చి తలకు వెల కట్టింది. ఒకప్పుడు లండను వీధులలో చెత్త ఏరి తిన్న ఎర్రగ్రద్ద ఇంగ్లండులో పూర్తిగా అంతరించి, వేల్సు కొండలలో కొద్దిపాటిగా మిగిలింది. 1989 నుండి స్పెయిను, స్వీడను దేశాల పిల్లలను తెచ్చి విడిచి మళ్ళీ పెంచుకొన్నారు. 2022లో ఆ స్పెయినుకే తిరిగి పిల్లలను పంపగలిగారు. తిట్టి చంపడానికి చట్టం చాలింది. తిరిగి తెచ్చుకొనడానికి దశాబ్దాలు పట్టింది.

మన పడమటి కర్నూలులో ఇటువంటి హంతకపదం మరొకటి ఉన్నది, అది “బంజరు”. పైరు లేని గడ్డినేలను రెవిన్యూ దస్త్రాలు అలాగే వ్రాస్తున్నవి. ప్రభుత్వ శాఖలు అచ్చువేసే దేశపు బంజరుభూముల పటాలలోనూ గడ్డినేలలకు ఆ గతే పట్టింది. కాని మధ్య ఆసియా గడ్డిమైదానాల నుండి చలికాలానికి వచ్చే పిల్లిగద్దకు ఆ బంజరే ఇల్లు. అది చెట్టెక్కి నిద్రించదు, గడ్డిలో నేలమీదనే గుంపుగా రాత్రి గడుపుతుంది. పగలు చేలమీద వాలుగా ఎగురుతూ మిడతలను, ఎలుకలను ఏరుకుంటుంది. 1988లో బట్టమేకపిట్ట కోసం ఏర్పరచిన రోళ్ళపాడు అభయారణ్యం ఈ పిల్లిగద్దకూ విడిదియే.

ఆదోని పత్తిబజారు పేరు తెలియనివారుండరు. ఆ చేల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి ఎలుక కోసం చూచే చిన్న తెల్లని గద్దను హిందీవారు పత్తి పేరిట “కపాసీ” అంటారు. మన తెలుగువారు దానికి “అడవి రాందాసు” అని పేరు పెట్టుకొన్నట్లు పందొమ్మిదవ శతాబ్దంలో జెర్డన్ దొర వ్రాసిపెట్టాడు. ఆ పేరు మన పిల్లల పాఠ్యపుస్తకంలో లేదు. మందు చల్లి ఎలుకనూ మిడతనూ చంపుతున్నాము, జీతం లేకుండా ఆ పనే చేసేదాని పేరు సైతం మరచిపోయాము. తుంగభద్ర దిగువ కాలువ మీద గరుడపక్షి కనబడితే చెంపలు వేసుకుంటాము. దాని బంధువు నల్లగ్రద్దను చూచి రాయి విసురుతాము. భక్తి ఒకదానికి, రాయి ఒకదానికి!

“కరవుసీమలో బీళ్ళను పక్షులకు వదలి కూర్చుంటే కడుపు నిండుతుందా? సౌరవిద్యుత్తు వద్దా?” అనే ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకొనను. కావలెను. 2017లో ఓర్వకల్లు పరిసరాలలో 1000 మెగావాట్ల సౌర పార్కు నడక మొదలైంది, మంచిదే. ఇకముందు ఏ గడ్డినేలనైనా కంచె వేసే ముందు అక్కడ ఏమి బ్రతుకుతున్నదో చలికాలంలో ఒక్కసారి లెక్కపెట్టమంటున్నాను. గొఱ్ఱెల కాపరిని కూడా ఆ లెక్కలో చేర్చమంటున్నాను. బంజరు అని ముందే పేరు పెట్టినవాడు లెక్కపెట్టడు. అదే నా తగవు.

కాబట్టి మిత్రులారా, మూడు పనులు చేయండి. మీ వ్రాతలో “రాబందు” తిట్టుగా వచ్చినచోట కొట్టివేసి, “దొంగ” అని వ్రాయండి. తెలుగులో ఆ మాటకు ఏమి లోటు? మీ ఊరి పశువుల డాక్టరుగారిని, మందుల దుకాణం వారిని నొప్పికి మెలాక్సికం ఇస్తున్నారా అని అడగండి. రాబందుకు హాని చేయని మందు అది. మీ ఊరిలో పెద్దలు డేగను, సాళువను, బైరిని, గూబను ఏ పేరుతో పిలుస్తారో వ్యాఖ్యలలో వ్రాయండి. ఒకప్పుడు సాళువ అంటే ఒక రాజవంశానికి బిరుదు, నేడు ఆ పక్షి ఏదో చూపగలవారు కరవైనారు. పేరు మిగిలితే వెదకడానికైనా ఆధారముంటుంది.