ప్లగ్గులు మార్చే ముందు

సంపాదకులకు,

‘ఇంజను మిస్ కొడితే నాలుగు ప్లగ్గులూ మార్చెయ్యండి’ అన్న మీ పోయిన వారం వ్యాసంతో నాకు పేచీ ఉంది. రాణీగంజ్ స్పేర్‌పార్టుల కొట్లకి ఇంతకన్నా తీపి కబురేముంటుంది!

ముందు స్కానర్ పెట్టించి కోడ్ చూడాలి. పి-0302 అంటే రెండో సిలిండర్. ప్లగ్గుకో కాయిల్ ఉన్న పెట్రోలు కారైతే, ఇంజను చల్లారాక రెండో కాయిల్‌నీ మూడోదాన్నీ అటుదిటు మార్చి, కోడ్ చెరిపి కాసేపు తిప్పాలి. ఈసారి 0303 వచ్చిందా, దొంగ కాయిలే. మళ్లీ 0302యే వస్తే ప్లగ్గులు అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతేనే ఇంజెక్టరు, కంప్రెషన్ సంగతి.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంతలోకి టార్చి వేయండి. ఆయిల్ కనబడితే పైమూత గాస్కెట్ కారుతున్నట్టు. దాన్నొదిలేసి కొత్త ప్లగ్గు బిగిస్తే నాలుగు రోజుల ముచ్చటే. ఒలిఫెంటా వంతెన కింద వాననీళ్లలోంచి వచ్చాక మిస్ మొదలైతే అక్కడే తడి కూడా చూడాలి. సీఎన్‌జీ మీదే మిస్ కొట్టి, పెట్రోలు మీద బాగుంటే చాలాసార్లు నీరసపడ్డ కాయిలో, అరిగిన ప్లగ్గో అయుంటుంది. గ్యాస్‌ని అంటించడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి మరి.

వ్యాసంలో అసలు లేని మాట ఒకటుంది. చెక్ ఇంజన్ దీపం ఆరుతూ వెలుగుతుంటే, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందన్నమాట. అది పాడైతే ఆ బిల్లు ముందు కాయిల్ ధర ఏ మూలకి? ఇంటికెళ్లి చూద్దాంలే అని లాగించకుండా బండి పక్కకు తీసి ఆపెయ్యాలి.

— ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్