ఆకాశం నుంచి వచ్చే చప్పుడు కూడా ఆరోగ్య సమస్యే



పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఆసుపత్రి వరండాలో కూర్చుని చెప్పుకునే మాటలు మా చెవిన పడుతూ ఉంటాయి. అత్తగారిల్లు హైదరాబాద్‌లో అల్వాల్, బొల్లారం, యాప్రాల్ వైపో, దుండిగల్ వైపో ఉన్నవారు తరచుగా ఒక మాట అంటారు: "ఇక్కడైతే బాబు మంచిగ పండుకుంటున్నడు. అక్కడ విమానం పోతే చాలు, ఉలిక్కిపడి లేస్తడు." మరి ఎవరికైనా చెప్పారా అని అడిగితే జవాబు ఒక్కటే: "మిలిటరీ వాళ్లవి గదా, ఏమంటం?"

ఆ జవాబు గురించే ఈ నెల నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాము. ఎందుకంటే ఈ సంగతి హైదరాబాద్ చుట్టాలది మాత్రమే కాదు. మన జిల్లాను మధ్యలో పెట్టి చూడండి. దక్షిణాన దుండిగల్‌లో 1971 నుంచి వాయుసేన అకాడమీ నడుస్తున్నది. హకీంపేటలో దశాబ్దాల పాటు కిరణ్ జెట్ విమానాలపై శిక్షణ ఇచ్చారు. నైరుతి దిక్కున బీదర్‌లో వాయుసేన శిక్షణ స్థావరం ఉన్నది. 2008లో హాక్ జెట్‌లు అక్కడికే వచ్చాయి. ఉత్తరాన ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి పాత ఎయిర్‌స్ట్రిప్ ఉన్నచోట విమానాశ్రయానికి 2025 ఏప్రిల్‌లో వాయుసేన సమ్మతి తెలిపింది. మన జక్రాన్‌పల్లి పేరు కూడా విమానాశ్రయ ప్రతిపాదనల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. కనుక ఈ రోజు వాళ్ల ఇంటి మీది చప్పుడు రేపు మన ఇంటి మీదికి రావచ్చు.

శరీరానికి ఏమి జరుగుతుంది?

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ లెక్క మామూలు కూడిక లెక్క కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి 10 రెట్లు అవుతుంది, మన చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. అందుకే 55కూ 65కూ తేడా కొంచెమే కదా అనుకోకూడదు.

జెట్ చప్పుడులో ఇంకొక గుణం ఉన్నది. అది చెప్పి రాదు. రైలు దూరం నుంచి వినిపిస్తూ దగ్గరికి వస్తుంది. కిందుగా వచ్చే జెట్ మాత్రం నెత్తి మీదికి వచ్చేదాకా తెలియదు. అప్పుడు శరీరం ప్రమాదం వచ్చిందనే అనుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. పసిబిడ్డ చేతులు రెండూ విసిరి ఏడవడం మనకు కనిపిస్తుంది. పెద్దల లోపల జరిగేది కనిపించదు.

నిద్రలో కూడా ఇది ఆగదు. యూరప్‌లో 6 విమానాశ్రయాల చుట్టూ ఉన్న 4,861 మందిని పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాత్రివేళ విమానాల చప్పుడు 10 డెసిబెల్స్ పెరిగినప్పుడు అధిక రక్తపోటు ఉండే అవకాశం సుమారు 14 శాతం ఎక్కువగా కనబడింది. మనిషి నిద్ర లేవకపోయినా, విమానం పోయిన ఆ క్షణంలో బీపీ పెరగడం కూడా గమనించారు. "మాకు అలవాటైపోయింది" అంటారు చాలామంది. మనసుకు అలవాటవుతుంది కానీ గుండెకు అంత సులువుగా అలవాటు కాదు.

పిల్లల చదువు మాటేమిటి? జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1992లో పాత విమానాశ్రయాన్ని మూసి, వేరొక చోట కొత్తది తెరిచారు. పరిశోధకులు రెండు చోట్లా పిల్లలను ముందూ తర్వాతా పరీక్షించారు. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల జ్ఞాపకశక్తి, చదివే శక్తి మెరుగుపడ్డాయి. కొత్తదాని దగ్గరి పిల్లలకు అవే తగ్గాయి. 2005లో బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ దేశాల్లో 9, 10 ఏళ్ల పిల్లలు 2,800 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో కూడా, విమానాల చప్పుడు ఎక్కువైన బడుల్లో చదివి అర్థం చేసుకునే శక్తి వెనుకబడినట్టు తేలింది. మంచి మాట ఏమిటంటే, మ్యూనిక్ పిల్లలు మళ్లీ కోలుకున్నారు. అంటే చప్పుడు తగ్గిస్తే మేలు జరుగుతుంది. అందుకే అడగాలి అంటున్నాము.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, విమానాల చప్పుడు రోజు మొత్తం మీద సగటున 45 డెసిబెల్స్‌కు, రాత్రివేళ 40 డెసిబెల్స్‌కు లోపల ఉండాలని సూచించింది.

కార్మికునికి ఉన్న చట్టం, పక్కింటివారికి లేదు

బోధన్ వాళ్లకు చప్పుడు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేవరకు, క్రషింగ్ సీజన్ అంటే మిల్లుల మోతే. మిల్లు హౌసుల్లో, టర్బైన్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనిషికి వినికిడి తగ్గుతుంది. ఆ ఇళ్లలో టీవీ ఎంత గట్టిగా పెడతారో ఇంట్లోవారికి తెలుసు. అయితే ఒక్కటి గమనించండి. చట్టం ప్రకారం చప్పుడు వలన వచ్చే చెవుడు, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తిరోగాల జాబితాలో ఉన్నది. అంటే ఆ బాధకు చట్టంలో ఒక పేరు ఉన్నది.

విమానాశ్రయం గోడ పక్కన ఉండేవారికి ఆ పాటి కూడా లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. నిశ్శబ్ద మండలాలకు 50, 40. మనం మైకుల గురించి, డీజేల గురించి పోలీసులకు చెప్పుకునేది ఈ నియమాల ఆధారంగానే. 2018 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం విమానాశ్రయాల పరిసరాలకు వేరే పరిమితులు ప్రకటించింది. రద్దీ విమానాశ్రయాల దగ్గర పగలు 70, రాత్రి 65. మిగతా చోట్ల 65, 60. సైనిక విమానాలను అందులో చేర్చలేదు. పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏకు సైనిక విమానాల మీద అధికారం లేదు. "ఏమంటం?" అనే మాట వెనుక ఉన్న నిస్సహాయత ఇదే.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ పరిమితులన్నీ సగటు లెక్కలు. శిక్షణ విమానాలు ఒకరోజు అసలు ఎగరవు, మరొక రోజు పొద్దంతా చక్కర్లు కొడతాయి. సగటు తీస్తే అంతా బాగానే ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. పరీక్ష రాస్తున్న పిల్లవాడికి, ఆపరేషన్ అయి పడుకున్న రోగికి సగటుతో పని లేదు. ఆ ఒక్క గంటే ముఖ్యం.

దేశం మీద ప్రేమ లేదా?

ఈ మాట అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఇది. మన కుటుంబాల నుంచి సైన్యంలోకి, వాయుసేనలోకి వెళ్లిన బిడ్డలు ఉన్నారు. ఆ శిక్షణ ఎంత కష్టమో మనకు తెలుసు. 2023 డిసెంబరు 4న దుండిగల్ అకాడమీ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర రావెల్లి శివారులో కూలిపోయి, శిక్షకుడు, శిక్షణ పొందుతున్న యువకుడు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. మనం హైదరాబాద్ వెళ్లే దారిలోని ఊరే తూప్రాన్. ఎగరకుండా ఎవరూ పైలట్ కారు. విమానాలు ఆపమని మేము అనము, ఎవరూ అనకూడదు.

"వాళ్లే కదా స్థావరం పక్కన ప్లాట్లు కొన్నది" అని కూడా అంటారు. కొంత నిజమే. దుండిగల్ అకాడమీ వచ్చిన చాలాకాలం తర్వాత దాని చుట్టుపక్కల లేఅవుట్లు పెరిగాయి. కానీ ఆ లేఅవుట్లకు అనుమతులు ఇచ్చినవారు ఉన్నారు, ధర తక్కువని అమ్మినవారు ఉన్నారు. ఉయ్యాలలో ఉన్న బిడ్డ మాత్రం ఏ ప్లాటూ కొనలేదు.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. ఒకినావాలో అమెరికా వాయుసేనకు కడేనా అనే పెద్ద స్థావరం ఉన్నది. 1990ల చివర అక్కడి ప్రాంతీయ ప్రభుత్వమే ఆరోగ్య సర్వే చేయించింది. స్థావరానికి బాగా దగ్గరి ఊళ్లలో తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు ఎక్కువగా ఉన్నట్టు కనబడింది. దానికి చప్పుడొక్కటే కారణమని ఖాయంగా చెప్పలేము కానీ, గర్భిణులున్న ఇళ్లవారు తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు. టోక్యో సమీపంలోని అత్సుగి స్థావరం విషయంలో నివాసులు దశాబ్దాల పాటు కోర్టుకు వెళ్లారు. 2014లో కింది కోర్టు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు జపాన్ సైనిక విమానాలు ఎగరకూడదన్నది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. అయినా అప్పటివరకు పడిన బాధకు నష్టపరిహారం మాత్రం ఇప్పించారు. దేశరక్షణ ముఖ్యమే, అలాగని మీ బాధ అబద్ధం కాదు అని ఒక దేశపు కోర్టులు ఒప్పుకున్నాయి. బ్రిటన్‌లో అయితే సైనిక విమానాలు ఏ ప్రాంతంలో ఎప్పుడు కిందుగా ఎగురుతాయో రక్షణ శాఖ ముందుగానే ప్రకటిస్తుంది, ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు కూడా ఉన్నది. దానివలన ఆ దేశపు వాయుసేనకు బలం తగ్గలేదు.

మేము కోరేది కూడా అంతే. శిక్షణ వేళలు ముందుగా తెలపాలి. పదవ తరగతి, ఇంటర్ పరీక్షల రోజుల్లో పరీక్ష గంటలు వదిలిపెట్టాలి. ఆసుపత్రుల మీదుగా పోయే దారిని వీలైనంత పక్కకు జరపాలి. రాత్రి శిక్షణ తప్పనిసరైతే దానికి ఒక హద్దు గంట ఉండాలి. ఇవేవీ దేశరక్షణకు అడ్డు వచ్చేవి కావు.

మీరు చేయగలిగినవి

1. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సమయం, ఎన్నిసార్లు, ఇంట్లో ఎవరికి ఏమైంది అని నెల రోజులు రాయండి. "ఎప్పుడూ చప్పుడే" అనే మాట కన్నా ఒక నెల లెక్కకు విలువ ఎక్కువ. సెల్‌ఫోన్‌లో డెసిబెల్స్ చూపే యాప్‌లు ఉజ్జాయింపు మాత్రమే. అయినా రాసి ఉంచండి.

2. ఒక్కరు కాకుండా కాలనీవారు, బడి హెడ్‌మాస్టరు, దగ్గరి డాక్టరు కలిసి మర్యాదగా ఒక అర్జీ రాయండి. స్థావరం కమాండర్ పేర ఒకటి, కలెక్టర్ గారికి ఒకటి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆపమని కాదు, వేళలు తెలపమని, సవరించమని అడగండి.

3. బీపీ ఉన్నవారు, గర్భిణులు క్రమం తప్పకుండా చూపించుకోండి. నిద్ర సరిగా లేదన్న సంగతి డాక్టరుకు చెప్పండి. అడిగేదాకా ఆగవద్దు.

4. పసిబిడ్డను వీధివైపు కిటికీ దగ్గర కాకుండా లోపలి గదిలో పడుకోబెట్టండి. మందపాటి తెరలు, సందులు లేని తలుపులు కొంత మేలు చేస్తాయి. బిడ్డ చెవుల్లో దూది కుక్కవద్దు. దానితో చప్పుడు పెద్దగా తగ్గదు, లోపల ఇరుక్కుంటే ప్రమాదం.

5. పిలిస్తే పలకని, మాటలు ఆలస్యమవుతున్న పిల్లలకు వినికిడి పరీక్ష చేయించండి. కారణం విమానమే అనుకుని ఊరుకోవద్దు. చెవిలో చీము వంటివి కూడా కావచ్చు.

ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. చప్పుడు గురించి అడిగేవారి ఇంటి చప్పుడును ఎదుటివారు ముందుగా చూస్తారు. పెళ్లి బరాత్ డీజే, పండుగల మైకులు, చెరకు ట్రాక్టర్ల మీది టేపు పాటలు, మన ఆరాధనల లౌడ్‌స్పీకర్లు ఏవీ దీనికి మినహాయింపు కాదు. రాత్రి 10 తర్వాత మన మైకు కట్టేసి ఉంటేనే మన అర్జీకి బరువు ఉంటుంది.

చివరగా, ఆదిలాబాద్ విషయంలోనూ, రేపు జక్రాన్‌పల్లి పని ముందుకు కదిలితే దాని విషయంలోనూ, అడిగే సమయం రన్‌వే వేయకముందే. భూమికి ఎంత ఇస్తారు, ఉద్యోగాలు ఎన్ని అని అందరూ అడుగుతారు, అడగాలి కూడా. ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే లేచి నిలబడి ఇంకొక ప్రశ్న కూడా అడగండి: "విమానం ఏ బడి మీదుగా, ఏ ఆసుపత్రి మీదుగా, ఏ వేళకు పోతుంది?" ఆ ప్రశ్న అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఉలిక్కిపడి లేచిన బిడ్డను జోకొట్టిన తల్లి ఎవరైనా అడగవచ్చు.

"ఏమంటం?" అని ఊరుకోకండి. మంచి మాటలతో, లెక్కతో అడగండి. మీ నోటుబుక్కు తీసుకుని మా దగ్గరికి వస్తే, ఆరోగ్యానికి సంబంధించిన భాగం రాయడంలో మేము తోడుంటాము.